మా హెరాల్డ్ వెనక సీటు మడతపడడానికి ఎనభై ఆరు రోజులు

2023 సెప్టెంబరు 22, శుక్రవారం. చవితి పందిళ్లు ఇంకా ఎత్తలేదు. పాతపట్నం దాటాక ఒక పల్లెలో భజన ముగించుకుని ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడి తిరిగి వస్తున్నాం. ముందు సీట్లో నాన్నగారు, వెనక అమ్మ, అమ్మ ఒళ్లో తంబురా. దాని పొడవు నాలుగడుగుల రెండంగుళాలు. కింది గుండ్రటి బుర్ర వెనక సీట్లో మూలకి ఆనించి, పొడుగాటి దండి రెండు ముందు సీట్ల మధ్యలోంచి ముందుకి పెడితే తప్ప మా పాత హెరాల్డ్ కారులో పట్టదు. ఇన్నేళ్లూ అలాగే తిరిగాం. ఆ రాత్రి దారికి అడ్డంగా ఒక గేదె వచ్చింది. రెండో గేరుకి దించుదామని మోచెయ్యి వెనక్కి లాగేసరికి తీగలు బిగించే బిరడా సరిగ్గా మోచేతికి తగిలింది. చెయ్యి జారింది, గేరు పడలేదు, ఇంజను ఆగింది. గేదె తాపీగా వెళ్లిపోయింది. తంబురా తీగ ఒకటి టప్పున తెగింది.

నాన్నగారు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. గుమ్మం ఎక్కుతూ మాత్రం, "తప్పు గేదెది కాదు" అన్నారు.

పాత రెండు తలుపుల బండిలో వెనక సీటుని కదిలించాలనుకునేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. "ఒక మారుతీ కొనీండి, గొడవుండదు" అన్న సలహా మా బావ ఇప్పటికే ఇచ్చాడు, కాబట్టి మీరు ఇవ్వక్కర్లేదు.

బండి స్టాండర్డ్ హెరాల్డ్, తాతగారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఊళ్లో అందరూ దీన్ని కూపే అంటారు. నిజానికి కూపే అనే పొట్టి పైకప్పు రకం ఇంగ్లండులో అసలు హెరాల్డ్ చేసిన ట్రయంఫ్ వాళ్లు వేరే కట్టారు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి మనకిచ్చింది రెండు తలుపుల సెలూన్, అంటే మామూలు కుటుంబ కారు. ఇటలీ డిజైనరు మిచెలొట్టి గీసిన ఆ వెనక రెక్కలు చూసి పిల్లలు ఇప్పటికీ వెంటపడతారు. కానీ రెండు తలుపుల బండికుండే బాధలన్నీ దీనికీ ఉన్నాయి. వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు మొత్తం ముందుకి ఒరగాలి. మోకాళ్లు నొచ్చేవాళ్లు వెనక కూర్చోలేరు. డిక్కీలో తంబురా అడ్డంగా పెడదామంటే ఒక పక్కంతా పెట్రోలు ట్యాంకే. నిలువుగా పెడదామంటే పొడవు చాలదు.

నా ఆలోచన చిన్నది. వెనక సీటు ఆనుడుని, అంటే వీపు ఆనించే భాగాన్ని, రెండు ముక్కలు చేసి, ట్యాంకు లేని పక్క మూడో వంతు ముక్క ముందుకి మడతపడేలా చేస్తే, బుర్ర డిక్కీలో ఉంటుంది, దండి సీటు మీదకి వస్తుంది, అమ్మ పక్కన కూర్చుంటుంది. నా మోచెయ్యి నాకుంటుంది. ఖర్చు ఆరు వేలు అవుతుందనుకున్నాను. టైము, దసరా సెలవుల్లో అయిపోతుందనుకున్నాను. బడిపంతుళ్లం, అన్నీ సెలవుల్లో అయిపోతాయనే అనుకుంటాం.

నాన్నగారు ఒప్పుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. "తంబురా అంటే సామానేట్రా, డిక్కీలో పడీడానికి?" అన్నారు. పడెయ్యం, మెత్త వేసి పడుకోబెడతాం అన్నాను. "కాళ్లు గదిలో, తల పెరట్లోనా?" తలా కాదు, కాళ్లూ కాదు, బుర్ర మాత్రమే అన్నాను. చివరికి అమ్మే చెప్పింది, ఇరవయ్యేళ్లుగా ఒళ్లో మోస్తున్నది తనేనని.

అక్టోబరు 1, ఆదివారం. మెకానిక్ మేస్త్రీ ఇంటికొచ్చాడు. కింది మెత్త ఎత్తగానే వచ్చేసింది. దాని కింద ఎలుక గూడు, ఒక పాతిక పైసల బిళ్ల, మా చెల్లి రిబ్బను, అర కుంచం వేరుశనగ తొక్కలు. ఆనుడు మాత్రం కదల్లేదు. పట్టి ఉంచిన బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. పైగా మేస్త్రీ దగ్గరున్నవన్నీ మిల్లీమీటర్ల స్పానర్లు. ఈ బండి బోల్టులు అంగుళాల లెక్క. ఏడు బై పదహారు తలకి 11 నంబరు స్పానరు ఎలాగో పడుతుంది. అరంగుళం తలకి 13 వేస్తే వదులు, 12 ఎక్కదు. 13తో బలం పెట్టి తిప్పితే మూలలు అరిగి గుండ్రం అయిపోతాయి. ఒకటి అలాగే పోయింది. మిగతావాటికి రాత్రంతా తుప్పు నూనె పోసి ఉంచి, మర్నాడు అంగుళాల రింగు స్పానరు అప్పు తెచ్చి ఊడదీశాం.

ఆనుడు వెనక నేననుకున్నట్టు ఖాళీ లేదు. ఎప్పుడో ఎవరో ప్లైవుడ్ కొట్టించారు. నీళ్లు తాగి ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయింది. దాన్ని ఊడదీస్తే డిక్కీ మొత్తం కనిపించింది. ఆ క్షణం భలే ఉంటుంది. యాభై ఏళ్లుగా వెనకనుంచే చూసిన చోటుని ముందునుంచి చూడడం, మన పెరడుని పక్కింటి మేడ మీంచి చూసినట్టు.

ఇక్కడే ఒక లాభం. సీటు తీస్తే నేలలో స్క్రూలతో బిగించిన ఒక రేకు మూత కనిపిస్తుంది. హెరాల్డ్‌కి వెనక కట్టలు (స్ప్రింగు పట్టీలు) రెండు పక్కలా రెండు ఉండవు. ఒకే కట్ట అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా, ఇంజను బలాన్ని చక్రాలకి పంచే డిఫరెన్షియల్ నెత్తి మీద బిగించి ఉంటుంది. ఆ నట్టులకి దారి ఈ మూతలోంచే. మేస్త్రీ స్పానరు పెట్టి చూస్తే రెండు నట్టులు వదులుగా ఉన్నాయి. నాలుగేళ్లుగా వెనక టకటక అంటున్నది సైలెన్సరు అనుకుని రెండుసార్లు క్లాంపులు మార్పించాను. ఎవరైనా ఈ బండి సీటు తీస్తే ఆ మూత విప్పకుండా మళ్లీ పెట్టెయ్యకండి.

రవాణా ఆఫీసు సంగతి ముందే కనుక్కున్నాను. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది, ఆర్సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీటు తీసేస్తే సీట్ల సంఖ్య మారిపోతుంది. అందుకే సీటు సీటుగానే ఉండాలి, మడత మాత్రం పడాలి. రెండో సంగతి, 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్తగా తీసుకుంటే రుసుము 20,000, పదేళ్ల గడువు. ఆ నంబరుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు, కాబట్టి భజనలకి తిరిగే మా బండికి అది పనికిరాదు. అయినా రేపు మా అబ్బాయి అలా చేయించుకోవాలనుకుంటే? అందుకని ఒక పట్టు పట్టాను. బాడీ రేకు కోయకూడదు, కొత్త కన్నం వెయ్యకూడదు. పాత సీటు బోల్టుల కన్నాలే వాడాలి. పాత ఆనుడు చెక్కు చెదరకుండా అటక మీదకి వెళ్లాలి, కొత్తది వేరే చేయించాలి.

టింకరింగ్ మేస్త్రీకి ఇది నచ్చలేదు. "కోసీడానికి నాకు పావుగంట బాబూ. హింజి అక్కడే వెల్డింగు పెట్టీసి తెల్లారేసరికి బండిచ్చీస్తాను" అన్నాడు. అక్కడికి జానెడు దూరంలో ట్యాంకుంది. అందులో తొమ్మిది లీటర్ల పెట్రోలుంది. నేను ట్యాంకు వేపు చూశాను, ఆయనా చూశాడు. "సరే, ఫ్రేము ఇంటికాడ సేసి తెత్తాను" అన్నాడు. ముప్పావంగుళం చదరపు పైపుతో రెండు ఫ్రేములు, కింద పాత కన్నాలకి బిగించే ఒక అడ్డపట్టీ, అన్నీ కలిపి 1,800. ఈ మొత్తం కథలో చెప్పిన రోజుకి చెప్పిన ధరకి వచ్చిన వస్తువు ఇదొక్కటే.

కొలతల కోసం పాత ఫ్రిజ్ అట్టపెట్టె కోశాను. నిలువునా అట్ట పెట్టి, మడతపెట్టి, తంబురాని పడుకోబెట్టి చూసుకున్నాను. చక్కగా సరిపోయింది. నాన్నగారు కూడా తల ఊపారు. ఆ అట్ట మీద సుద్దతో 'కుడి', 'ఎడమ' అని రాశాను. ఈ రెండు మాటలకీ మూడు వేలు కట్టాను, తర్వాత చెబుతాను.

ఈ పాత తరహా నిలువు గీతల కుట్టు మా ఊళ్లో ఎవరూ చెయ్యరు. అక్టోబరు 9, సోమవారం, రెండు ఫ్రేములూ, అట్టలూ, మచ్చుకి పాత ఆనుడూ తీసుకుని గుణుపురం లైను రైల్లో బరంపురం బయల్దేరాను. ఆనుడుకి టిక్కెట్టు లేదు గానీ పలాస దాకా దాని మీద ఒక ముసలాయన హాయిగా కూర్చున్నాడు. దిగేటప్పుడు "సీటు బావుంది బావూ, రైలోళ్లు ఇప్పుడిలాటివి ఏత్తన్నారా?" అని అడిగాడు.

సీట్ల దుకాణంలో పాత ఆనుడు విప్పుతుంటే పక్కనే నిలబడి చూశాను. పైన రెక్సిన్, దాని కింద మురిగిన దూది, ఆ కింద రబ్బరు పూసిన కొబ్బరి పీచు, దాని కింద గోనెగుడ్డ, అడుగున స్ప్రింగులు. పీచు ఒక మూల నొక్కితే పొడై రాలింది. మిగతా చోట్ల ఇప్పటికీ గట్టిగానే ఉంది. విప్పి చూసుకున్నాక మళ్లీ అలాగే కుట్టి ఇస్తానన్నాడు. కొత్తవాటికి ఫోం, రెక్సిన్, పైపింగ్ కలిపి 4,500. శనివారం, అంటే 14న రమ్మన్నాడు.

14న ఫోన్ చేస్తే "కాలి" అన్నాడు కుర్రాడు. ఒడియాలో 'కాలి' అంటే నిన్న, రేపు రెండూ. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, ఒడియా నాకు కొత్త కాదు. అయినా ఆ నెలంతా ఫోన్ పెట్టేశాక ప్రతిసారీ, ఇతను నిన్న అయిపోయిందన్నాడా, రేపవుతుందన్నాడా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. తర్వాత దసరా వచ్చింది. బరంపురంలో పూజల రోజుల్లో ఎవరూ సూది పట్టరు, పట్టమని అడగడమూ పాపమే. ఆ వెంటనే ఒడిశా వాళ్ల కుమార పున్నమి పండగ. నా దసరా సెలవులు ఆనుడు లేని బండిని చూస్తూ గడిచిపోయాయి. అమ్మ పక్కింటి వాళ్ల ఆటోలో భజనకి వెళ్లింది. నాన్నగారు వెళ్లలేదు. తీగ మార్చిన తంబురా గోడకి ఆనించి ఉంది, రోజూ పొద్దున్నే శ్రుతి చూసి మళ్లీ పెట్టేసేవారు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నవంబరు 6న సరుకు చేతికొచ్చింది. కుట్టు చాలా బావుంది. గీతలు పాత ఆనుడుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. కానీ చిన్న ముక్క ట్యాంకు పక్కకి కుట్టారు! నేను కుడి అని రాసింది బండిలో కూర్చుని చూసే కుడి. వాళ్లు చూసింది ఆనుడుకి ఎదురుగా నిలబడి చూసే కుడి. ఫ్రేములు చదరంగా ఉన్నాయి కాబట్టి ఎటు తిప్పినా ఎక్కుతాయి. చెవులు, బొత్తాలు, పైపింగ్ వంపు మాత్రం అద్దంలో బొమ్మలా తిరగబడ్డాయి. తప్పెవరిది? దుకాణంవాడు అట్ట తీసి చూపించాడు. నా చేతిరాతే, బడి సుద్దే. సగం రెక్సిన్ మళ్లీ కొనాలి, మళ్లీ కుట్టాలి. 4,500 కాస్తా 7,500 అయింది. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను, బండి ముక్కల మీద కుడి ఎడమలు రాయొద్దు. 'ట్యాంకు పక్క', 'ట్యాంకు లేని పక్క' అని రాయండి, ఎటు నిలబడి చూసినా ట్యాంకు కదలదు.

దీపావళి ముందు రోజు, 11న, మళ్లీ రైలెక్కి తెచ్చుకున్నాను.

ఈలోపు హింజీ, లాకూ సంపాదించాను. పొడుగాటి పట్టీలాంటి మూడడుగుల పియానో హింజి హార్డ్‌వేర్ కొట్లో 380. లాకు కోసం శ్రీకాకుళంలో పాత బండ్ల సామాన్ల దగ్గర సగం రోజు తిరిగాను. మారుతీ 800 వెనక సీటు ముందుకి మడతపడుతుంది కదా, ఆ లాకులు ఒక జత దొరికాయి, 700. తలుపు గొళ్లెం పెట్టినా ఆగుతుందిగా అని మేస్త్రీ అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. డిక్కీలో స్పేర్ చక్రం ఉంటుంది, జాకీ ఉంటుంది. గట్టిగా బ్రేకు పడితే అవన్నీ ముందుకే వస్తాయి, ఆనుడు ముందు కూర్చునేది అమ్మ.

నవంబరు 19, ఆదివారం, బిగింపు. ఇక్కడ మరమేకుల సంగతి ఒకటి చెప్పాలి. పాత బోల్టు ఒకటి పోయింది కదా, దాని బదులు కొట్లోంచి ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు తెచ్చాం. అసలుది అంగుళంలో పదహారో వంతులు అయిదు, అంటే ఇంచుమించు ఎనిమిది మిల్లీమీటర్లే. కంటికి తేడా తెలీదు. చేత్తో పెడితే రెండు చుట్లు మర్యాదగా ఎక్కుతుంది. మూడో చుట్టుకి బిగుసుకుంటుంది, తుప్పేమో అనుకుని స్పానరు వేస్తాం. అంతే, లోపల రేకుకి అతికించి ఉన్న నట్టు మరలు తినేస్తుంది. మా కొత్త బోల్టువి మిల్లీమీటరు మరలు, ఆ నట్టువి యూఎన్ఎఫ్ అనే సన్నటి అంగుళాల మరలు, అంగుళానికి ఇరవై నాలుగు. నాలుగో చుట్టు వెయ్యబోతుంటే నేనే చెయ్యి పట్టుకున్నాను. వెల్లుల్లి పొట్టంత ఇనుప పొర చుట్టుకుని బోల్టు బయటికొచ్చింది. మరలు కోసే యూఎన్ఎఫ్ ట్యాపు, బోల్టులు తెప్పించుకుని ఆ నట్టుని శుభ్రం చేసుకునేసరికి వారం రోజులు, 640 రూపాయలు. అదృష్టం కొద్దీ లోపలి మరలు బతికే ఉన్నాయి.

26న మళ్లీ కూర్చున్నాం. అడ్డపట్టీ బిగిసింది, హింజి బిగిసింది, చిన్న ముక్క నిలబడింది, లాకు టక్కుమంది. ఆ టక్కు విని ఇంట్లోవాళ్లంతా వాకిట్లోకి వచ్చారు. సరే, మడతపెడదామని లాకు లాగి ముందుకి వంచితే సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత నొక్కినా దిగదు. నా అట్టకి మందం లేదు! అట్ట మీద అట్ట పడితే చక్కగా పడుతుంది. మూడంగుళాల ఫోం మీద మూడంగుళాల ఫోం ఎలా పడుతుంది? మేస్త్రీ నవ్వలేదు, అది ఆయన మంచితనం. మా అబ్బాయి నవ్వాడు.

ఫోం పలచన చేస్తే కూర్చునేవాళ్లకి పైపు గుచ్చుకుంటుంది. చివరికి హింజిని రెండంగుళాలు పైకి జరిపాం, అడ్డపట్టీ మీద ఇంకో పట్టీ వేసి. కింది మెత్త వెనక అంచు కాస్త ఎత్తి పట్టుకుంటే ఇప్పుడు ఆనుడు దాని మీద చదునుగా వాలుతుంది. ముందు సీటు కూడా ఒక మెట్టు ముందుకి జరగాలి. రెండు చేతుల పని, కాకపోతే అలవాటయ్యాక పది సెకన్లు. లాకు పిడి కూడా మొదట డిక్కీ వేపు పెట్టాం, డిక్కీ తెరిచి చెయ్యి పెడితేనే అందేలా. సీటు లోపల్నుంచి తియ్యాలని ఇంత చేసి, పిడి బయట పెట్టామని రాత్రి పడుకున్నాక తట్టింది. పొద్దున్నే తిప్పించాను.

పాత ప్లైవుడ్ బదులు రెండు ముక్కల వెనకా అల్యూమినియం రేకు వేయించాను, ట్యాంకుకీ మనుషులకీ మధ్య చెక్క కంటే రేకు నయమని. అంచుల చుట్టూ రబ్బరు బీడింగ్. రేకూ బీడింగూ 1,430. డిసెంబరు 2, శనివారం, బీడింగ్‌కి గమ్ము పూశాను. ఇరవై నాలుగు గంటలు కదపొద్దని డబ్బా మీద రాసుంది. మర్నాటి నుంచి ముసురు పట్టింది. మిగ్‌జాం తుపాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, అక్కడెక్కడో దాటిందని మనం అనుకుంటాం గానీ మా దగ్గరా మబ్బు విడవలేదు. వరి కోసి పొలాల్లో వేసినవాళ్ల బాధ ముందు నా గమ్ము ఎంత? అయినా రోజూ వెళ్లి వేలితో ముట్టుకుంటే వేలికే అంటుకునేది. 9న ఎండ వచ్చాక మొత్తం పీకి మళ్లీ పూశాను.

10న, ఆదివారం, మొదటిసారి బయటికి తీశాను. నేనూ, అమ్మా, సగం దూరం దాకా ఆనందం. మహేంద్రతనయ వంతెన దాటాక అమ్మ, "పెట్రోలు వాసన వస్తోందిరా" అంది. నాకూ వచ్చింది. వాసన కొత్తగా పుట్టలేదు, ఎప్పుడూ డిక్కీలోనే ఉండేది. ఇప్పుడు దానికి దారి దొరికింది. బీడింగ్ ఎంత ఒత్తుగా ఉన్నా ఆనుడు దించి తంబురా పెట్టినప్పుడు దారి తెరిచే ఉంటుంది కదా. దిగులు వేసింది. ఎనభై రోజుల పని, పదమూడు వేల ఖర్చు, తీరా చేస్తే అమ్మకి తలనొప్పి.

12న పెట్రోలంతా క్యాన్‌లోకి తీసి, బ్యాటరీ వైరు విప్పి, ట్యాంకు బయటికి దించాం. ఇద్దరు దొంగలు దొరికారు. పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకుకి వచ్చే రబ్బరు గొట్టం పైకి బాగానే ఉంది, వంచితే సన్నటి పగుళ్లు. ట్యాంకులో పెట్రోలెంతుందో చూపే యూనిట్ కింద బెండు గ్యాస్కెట్ ఎండి బిస్కట్టులా విరిగింది. గొట్టం కొత్తది, గ్యాస్కెట్ కొత్తది, రెండు క్లిప్పులు, కూలి, మొత్తం 1,150. రెండు రాత్రులు తలుపులు మూసి ఉంచి పొద్దున్నే తీసి వాసన చూశాను. ఏమీ లేదు. నా ముక్కుని నేనే నమ్మక అమ్మని పిలిచాను. అమ్మ ముక్కు మా ఇంట్లో ఆఖరి కోర్టు. బండి పూర్తిగా ఎక్కి, డిక్కీలోకి తల పెట్టి, "ఇంక ఎలక వాసనే" అంది.

సీటు తీయడానికి ముందే ఈ రెండూ మార్పించి ఉంటే బాగుండేది. ట్యాంకు డిక్కీలో ఉన్న బండిలో సీటు వెనక దారి తెరుస్తున్నవాళ్లు మొదట ఆ పనే చెయ్యండి. రంగులూ రెక్సిన్లూ తరవాత.

రైళ్లూ ఆటోలూ శ్రీకాకుళం బస్సూ కలిపి మరో 2,200 అయ్యాయి. మొత్తం 15,800. ఆరు వేలనుకున్నది. బావకి పది అని చెప్పాను.

అనుకోకుండా కలిసొచ్చినవి కొన్ని ఉన్నాయి. డిక్కీ తాళం వానాకాలంలో మొండికేస్తే ఇప్పుడు లోపల్నుంచి చెయ్యి పెట్టి జాకీ తీసుకోవచ్చు. కొబ్బరిమట్టల కట్ట పడుతుంది, ఫ్లెక్సీ కర్రలు పడతాయి. నష్టం కూడా ఉంది. లోపలికి రోడ్డు చప్పుడు ఇదివరకటి కంటే ఎక్కువ వస్తోంది. కిటికీ పగలగొట్టగలిగినవాడు డిక్కీలోకీ చెయ్యి పెట్టగలడు. పెద్ద ముక్కకీ చిన్న ముక్కకీ మధ్య సందులో చిల్లర పడితే నేరుగా డిక్కీలోకే.

డిసెంబరు 17, ఆదివారం, ధనుర్మాసం మొదటి రోజు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. మంచు. చిన్న ముక్క మడతపెట్టి, డిక్కీలో పాత దుప్పటి వేసి, బుర్రని దాని మీద పడుకోబెట్టాను. దండి సీటు మీదుగా వచ్చి ముందు సీటు వెనక ఆగింది. గుడ్డ బెల్టుతో కట్టాను. అమ్మ పక్కన సర్దుకుని కూర్చుంది, ఒళ్లో ప్రసాదం గిన్నె తప్ప ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు చూసుకుంది. నాన్నగారు ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూశారు, బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు.

వంతెన దాటాక రోడ్డు తెలిసిందే. మొదటి గతుక్కి తీగలు వాటంతట అవే ఝుమ్మన్నాయి. డిక్కీ ఖాళీగా ఉండడంతో ఆ మోత బండంతా నిండింది. రెండో గతుక్కి మళ్లీ. మూడోదానికి నాన్నగారు కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

"పంచమం దిగింది," అన్నారు. "బండి ఆపు."